కొరియా బడిలో మన ఇంగ్లీషు మాస్టారు

2021 మే నెలలో కృష్ణా, చిత్తూరు జిల్లాల తోటల నుంచి రెండున్నర టన్నుల బంగినపల్లి, సువర్ణరేఖ పళ్లు దక్షిణ కొరియాకు బయల్దేరాయి. ఆవిరి వేడితో పండుఈగ బెడద లేకుండా చేసి, పెట్టెల్లో సర్ది, కాగితాలన్నీ సరిచూసి పంపారు. మైలవరం, రెడ్డిగూడెం, విస్సన్నపేట, ఆగిరిపల్లి, నూజివీడు అన్నీ అప్పటికి కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి. మామిడి మీద బతికే ఈ పట్టున కొరియా అంటే అంతకు ముందు టీవీల పేరు, కార్ల పేరు. ఆ ఏటి నుంచి అది పళ్లు కొనే దేశం పేరు కూడా అయింది.

పండుకు దారి దొరకడానికి చాలా ముందే మనిషికి ఒక దారి దొరికింది. దాని గురించి మాత్రం మన దగ్గర మాట్లాడుకున్నవాళ్లు తక్కువ. భారత్, కొరియాల మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం మీద 2009 ఆగస్టు 7న సియోల్‌లో సంతకాలు జరిగాయి. 2010 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. సుంకాల గురించి, సరుకుల గురించి ఉన్న ఆ ఒప్పందం కిందే మనుషుల రాకపోకల విషయమూ వస్తుంది. కొరియా ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల్లో ఇంగ్లీషు సహాయ ఉపాధ్యాయులుగా భారతీయులు పనిచేయడానికి వీలు కలిగింది ఆ ఒప్పందం వల్లే.

ఈ సంగతి ఎవరికి పనికొస్తుందో చెప్పడానికి దూరం వెళ్లనక్కర్లేదు. 2025లో మన రాష్ట్రంలో మెగా డీఎస్సీ పెడితే 16,347 పోస్టులకు మూడు లక్షల మందికి పైగా పోటీపడ్డారు. మిగిలినవాళ్లు ఏం చేస్తున్నారో మైలవరంలో, తిరువూరులో, నూజివీడులో ఏ ప్రైవేటు బడి గేటు దగ్గర నిలబడినా తెలుస్తుంది. ఎంఏ ఇంగ్లీషు, బీఈడీ, టెట్ అన్నీ చేతిలో పెట్టుకుని పదిహేను వేలు దాటని జీతానికి రోజుకు ఏడు పీరియడ్లు చెబుతున్నారు. వేసవి రెండు నెలలూ ఆ జీతమైనా వస్తుందో రాదో అన్న బెంగ వేరే. వాళ్ల చదువుకు విలువ లేక కాదు ఈ పరిస్థితి. ఆ చదువు చెల్లే చోట్లు ఇంకా ఉన్నాయని చెప్పేవాళ్లు లేకపోవడం కూడా ఒక కారణం.

ఏడు దేశాలు, ఒక మినహాయింపు

కొరియాలో విదేశీ భాష చెప్పే టీచరుకు ఇచ్చేది ఈ-2 వీసా. ఇంగ్లీషుకు ఆ వీసా మామూలుగా ఏడు దేశాల పౌరులకే ఇస్తారు. అవి అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. భారతీయులకు ఉన్నది ఒప్పందం ఇచ్చిన మినహాయింపు. దానికి షరతులున్నాయి. డిగ్రీ ఉండాలి, ఇంగ్లీషు సబ్జెక్టులో టీచరుగా అర్హత చూపే పత్రం ఉండాలి. అమెరికా కుర్రాడికి ఏ డిగ్రీ అయినా చాలు, మెకానికల్ ఇంజనీరింగ్ చదివినా తీసుకుంటారు. మనవాళ్లను మాత్రం టీచరు చదువు చదివి రమ్మంటారు. ఇందులో వివక్ష ఉంది, నిజమే. కానీ ఇంగ్లీషు మెథడాలజీతో బీఈడీ చేసినవాళ్లకు ఇదే అనుకూలం. మన దగ్గర ఎందుకూ కొరగాదనిపించిన ఆ పట్టాయే ఇక్కడ ముందు అడిగే కాగితం. ఏ పత్రం చెల్లుతుంది, ఏది చెల్లదన్న విషయంలో చెన్నైలోని కొరియా కాన్సులేట్ చెప్పిందే ఆఖరి మాట. ఏజెంటు చెప్పింది కాదు.

ఇంకో సంగతి. ఈ వెసులుబాటు బడుల్లో సహాయ ఉపాధ్యాయులకే. కొరియాలో వీధివీధినా కనిపించే ప్రైవేటు ట్యూషన్ కేంద్రాలను హాగ్వన్ అంటారు. అక్కడ చెప్పడానికి ఇది వర్తించదు. భర్త ఉద్యోగం మీద కుటుంబ వీసాతో వెళ్లిన ఆడపిల్లలు అనుమతి తీసుకోకుండా ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పినా తప్పే. ‘వెళ్లాక చూసుకుందాం, విజిట్ వీసా మీద దిగండి’ అనే మాట ఎవరి నోటి నుంచి వచ్చినా అక్కడితో ఆ సంభాషణ ఆపేయాలి.

కాగితాల పని కాస్త ఓపిక తింటుంది. డిగ్రీ పట్టాకు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, ఆ మీదట విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర కావాలి. పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీసు క్లియరెన్స్ పత్రానికీ అదే ముద్ర పడాలి. అక్కడ దిగాక ఆరోగ్య పరీక్ష, మాదకద్రవ్యాల పరీక్ష ఉంటాయి. వచ్చిన 90 రోజుల్లోపు నివాస కార్డు తీసుకోవాలి. బ్యాంకు ఖాతా నుంచి ఫోను సిమ్ దాకా అన్నిటికీ ఆ కార్డే ఆధారం.

ఎనిమిదిన్నర నుంచి నాలుగున్నర దాకా

ప్రభుత్వ బడి ఎనిమిదిన్నరకల్లా మొదలవుతుంది. గుమ్మంలో బయటి బూట్లు విప్పేసి లోపల తిరిగే చెప్పులు వేసుకోవాలి. ఈ పని మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎదురొచ్చిన ప్రతి పెద్దకూ తల వంచి నమస్కరించాలి, ప్రిన్సిపాల్‌కు కాస్త ఎక్కువ వంగాలి. పిల్లలూ అలాగే వంగి పలకరిస్తారు. కొందరు వంగడం మరచిపోయి రెండు చేతులూ ఊపుతూ పరుగెత్తుకొస్తారు. అంతకంటే మంచి పలకరింపు ఇంకోటి లేదు.

కొరియా బడుల్లో ఇంగ్లీషు 1997 నుంచి మూడో తరగతిలో మొదలవుతుంది. మూడు, నాలుగు తరగతులకు వారానికి రెండు పీరియడ్లు, ఐదు, ఆరు తరగతులకు మూడు. ప్రాథమిక బడిలో పీరియడు 40 నిమిషాలు, మిడిల్ స్కూల్లో 45, హైస్కూల్లో 50. విదేశీ టీచరు వారానికి 22 పీరియడ్లు చెబుతారు. మిగతా వేళ పాఠాలు సిద్ధం చేసుకుంటూ బడిలోనే ఉండాలి. ప్రభుత్వ బడుల్లోకి విదేశీ టీచర్లను తీసుకునే ‘ఎపిక్’ అనే పథకం 1995లో పుట్టింది. పని గంటలకు, వసతికి, జీతానికి అదే ఒక కొలత అయింది. జీతం నెలకు 20 లక్షల వాన్ల పైమాటే. మన డబ్బులో లక్షా ఇరవై వేలకు అటూ ఇటూ. ఒంటి గది ఇల్లు బడివాళ్లే చూపిస్తారు. ఆరోగ్య బీమాలో సగం వాళ్లు కడతారు. ఏడాది పూర్తి చేసి మానుకుంటే ఒక నెల జీతం విడిగా ఇస్తారు. పింఛను చందా సంగతి మాత్రం చేరేటప్పుడే అడిగి రాయించుకోవాలి. దానికి సంబంధించి రెండు దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం 2011 నవంబరు నుంచి అమల్లో ఉంది.

తరగతిలో ఇద్దరు టీచర్లుంటారు. ఒకరు కొరియా టీచరు, రెండోవారు మీరు. చట్టం దృష్టిలో మీరు సహాయకులు. ఆ కొరియా టీచరుతో పొత్తు కుదిరితే ఏడాది హాయిగా గడిచిపోతుంది. కుదరకపోతే మూలన నిలబడి, అడిగినప్పుడు సంభాషణ చదివి వినిపించడమే పని అవుతుంది. అనుభవం తక్కువున్న కొరియా టీచర్లకు విదేశీయుడి ముందు ఇంగ్లీషు మాట్లాడాలంటే మనసులో జంకు. తప్పు మాట్లాడితే పిల్లల ముందు చిన్నబోతామన్న భయం. మైలవరం హైస్కూల్లో చదివి, మొదటిసారి విజయవాడ కాలేజీలో నోరు విప్పినవాళ్లకు ఆ భయం రంగు, రుచి తెలుసు. ఆ జంకును ముందు పోగొట్టగలిగినవాడు అక్కడ సగం నెగ్గినట్టే.

మధ్యాహ్న భోజనం అందరూ ఒకేచోట తింటారు. పిల్లలకు ఉచితం, టీచర్లు డబ్బు కట్టాలి. గళ్ల స్టీలు పళ్లెంలో అన్నం, సూపు, కిమ్చీ, రెండు కూరలు. చెంచా స్టీలుదే, చాప్‌స్టిక్సూ స్టీలువే. శాకాహారులకు ఇక్కడే అసలు చిక్కు. చూడటానికి ఆకుకూర సూపే అయినా చాలాసార్లు నెత్తళ్లు మరిగించిన నీళ్లతో చేస్తారు. కిమ్చీలోనూ ఉప్పు రొయ్యలు పడతాయి. పట్టింపు గట్టిగా ఉన్నవాళ్లు మొదటి రోజే చెప్పి క్యారేజీ తెచ్చుకోవడం మేలు. తింటామనేవాళ్లకు కారానికి లోటుండదు. మనలాగే అక్కడా ఎండు మిరపకారం లేకుండా పూట గడవదు. చలికాలానికి సరిపడా కిమ్చీ ఊరంతా కలిసి పెట్టుకునే ఆచారాన్ని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మేలో ఆవకాయ జాడీలు సర్దే మన ఇళ్లవాళ్లకు నవంబరులో ఆ సందడి చూస్తే సొంత ఊరిలో ఉన్నట్టే ఉంటుంది. భోజనం కాగానే పిల్లలూ, టీచర్లూ బ్రష్ పట్టుకుని వరసగా పళ్లు తోముకుంటారు. తరగతి గదులు ఊడ్చేది పిల్లలే.

రెండున్నర, మూడింటికి పాఠాలు అయిపోతాయి. బుధవారం మధ్యాహ్నం చాలా ప్రాథమిక బడుల్లో టీచర్లు వాలీబాల్ ఆడతారు. ప్రిన్సిపాల్ కూడా ఆడతారు. ఆట రాకపోయినా వెళ్లాలి. ఆ గంటలో అయ్యే స్నేహం స్టాఫ్‌రూమ్‌లో ఆరు నెలలు కూర్చున్నా అవదు. అప్పుడప్పుడూ సాయంత్రం బడివాళ్లంతా కలిసి తినే విందు ఉంటుంది. పంది మాంసం కాలుస్తారు, సోజు పోస్తారు. తాగననడంలో తప్పేమీ లేదు. కానీ పెద్దవాళ్ల గ్లాసులో పోసేటప్పుడు రెండు చేతులూ వాడాలి. మన పెళ్లిళ్లలో తాంబూలం అందుకునే మర్యాద అది, అలవాటు కావడానికి రోజు పట్టదు.

నాలుగున్నరకు బడి వదిలేసరికి మైలవరంలో మధ్యాహ్నం ఒంటిగంట. అమ్మ అన్నం తినే వేళ. ఫోను చేయడానికి అదే సరైన సమయం. రాత్రి ఇక్కడివాళ్లు తీరిక చేసుకుని తొమ్మిదిన్నరకు చేస్తే అక్కడ ఒంటిగంట అవుతుంది. ఇల్లు చిన్నదే, కానీ నేల అడుగు నుంచి వెచ్చగా ఉంటుంది. జనవరిలో బయట సున్నాకు పది డిగ్రీలు కిందకు పోయినా లోపల నేల మీద పడుకోవచ్చు. చెత్త విషయంలో మాత్రం కఠినం. 1995 నుంచి అక్కడ చెత్తకు సంచి కొనాలి. తిండి మిగులు ఒక సంచి, మామూలు చెత్త ఇంకో సంచి, సీసాలు, ప్లాస్టిక్ విడివిడిగా. మొదటి నెల ఇంటి యజమానురాలు వచ్చి చూపిస్తే తప్ప పట్టుబడదు. కందిపప్పు, చింతపండు కావాలంటే సియోల్‌లో ఇతెవాన్, సియోల్‌కు దగ్గర్లోని అన్సాన్ లాంటి చోట్ల విదేశీ సరుకుల కొట్లకు పోవాలి. బియ్యం మాత్రం అక్కడి జిగురు బియ్యమే. కొత్తలో నచ్చదు. పచ్చడితో కలిపితే కలవదు మరి.

ఆ పిల్లాడి తప్పు మనకే తెలుసు

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడుంది. కొరియా పిల్లాడు ఇంగ్లీషులో ఎక్కడ తడబడతాడో తెలుగు టీచరుకు లోపలి నుంచి తెలుసు.

కొరియన్ వాక్యంలో క్రియ చివర వస్తుంది, తెలుగులోలాగే. ‘నేను అన్నం తింటాను’ అన్న వరసే అక్కడిదీ. మన విభక్తులు నామవాచకం వెనక వచ్చినట్టే వాళ్లవీ వెనకే వస్తాయి. ‘ఎ, ఏన్, ది’ లాంటివి వాళ్ల భాషలోనూ లేవు, మన భాషలోనూ లేవు. అందుకే మొదటి ఏడాది పిల్లాడు ‘ఐ రైస్ ఈట్’ అంటాడు, ‘ది’ ఎక్కడ పెట్టాలో తెలియక అన్నిచోట్లా వదిలేస్తాడు. కాలిఫోర్నియా నుంచి వచ్చిన టీచరుకు అది వింతగా వినిపిస్తుంది. ఎందుకు అలా అన్నాడో ఆయనకు తోచదు, సరైన వాక్యం చెప్పి ముందుకు పోతారు. జి.కొండూరు నుంచి వెళ్లిన టీచరుకు అది తన ఆరో తరగతి నోటుబుక్కే. ఎర్ర సిరాతో ఎవరు కొట్టేశారో, ఆ తరువాత ఏ మాస్టారు ఎలా విడమరిచి చెబితే తలకెక్కిందో గుర్తుంటుంది.

ఉచ్చారణలోనూ అంతే. హల్లుతో ఆగిపోయే మాటను అక్కడి పిల్లలు అచ్చు చేర్చి పలుకుతారు. మన ‘బస్సు’, ‘రోడ్డు’ పుట్టింది కూడా ఆ అలవాటులోంచే. అలవాటు మానమంటే మానరు. నాలుక ఎక్కడ ఆపాలో చూపించాలి. ర, ల తేడా వాళ్లకు కష్టం, మనకు తేలిక. ర, ల, ళ మూడూ మన అక్షరమాలలో వేరువేరుగా ఉన్నాయి గనక నాలుక మెలకువ చెప్పడం మన టీచరుకు వస్తుంది. ఇక జడ్ శబ్దం దగ్గర ఇద్దరిదీ ఒకటే బాధ. వాళ్లూ ‘జూ’ అనే అంటారు, మనమూ ‘జూ’ అనే అంటాం. వి, డబ్ల్యూ తేడా తెలుగువాళ్లకు తెలియదు. కాబట్టి బయల్దేరేముందు ఆరునెలలు సొంత నోటికి పని పెట్టాలి. అమెరికన్‌లా నటించమని కాదు. మాట స్పష్టంగా రావాలి, తొమ్మిదేళ్ల పిల్లలకు అందేంత నిదానంగా రావాలి.

మర్యాద మాటలు కూడా దగ్గరివే. పెద్దవాళ్లతో మాట్లాడితే క్రియ చివర మారిపోతుంది, మనం ‘అండి’ చేర్చినట్టు. వయసు అడగనిదే పలకరింపు సాగదు. అన్న, అక్క అన్న వరసలు బయటివాళ్లకూ వాడతారు. ‘మీ వయసెంత? పెళ్లయిందా?’ అని స్టాఫ్‌రూమ్‌లో మొదటి రోజే అడిగితే పాశ్చాత్య టీచర్లు నొచ్చుకుంటారు. మనకు అది బస్సులో పక్క సీటువాళ్లు అడిగే ప్రశ్నే.

ఇంత దగ్గరి భాషను నేర్చుకోకుండా వెళ్లడం అన్యాయం. వాళ్ల లిపి హంగుల్‌ను 1443లో రాజు సేజోంగ్ తయారు చేసి 1446లో ప్రజల ముందు పెట్టాడు. మూలాక్షరాలు 24. హల్లు, అచ్చు, కింద ఇంకో హల్లు కలిసి ఒక నలుచదరపు గడిలా ఏర్పడతాయి. గుణింతాలు, ఒత్తులు రాసిన చేతికి వారంలో వచ్చేస్తుంది. హైదరాబాద్‌లో 1958లోనే ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ కోసం పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఇవాళ్టి ఇఫ్లూ. కొరియన్ కూడా అక్కడ చెబుతారు. 2017లో ఒప్పందం జరిగి 2019లో కార్లు బయటకొచ్చిన పెనుకొండ కియా ఫ్యాక్టరీ పుణ్యమా అని రాయలసీమలో కొరియన్ మాట చెవిన పడుతూనే ఉంది. నేర్చుకోదలిస్తే ఊరు దాటకుండానే మొదలుపెట్టవచ్చు.

1863లో పుట్టిన ఇద్దరు పంతుళ్లు

కొరియాకు మొదటి తరం విదేశీ ఇంగ్లీషు టీచర్లు వచ్చింది 1886లో. రాజు గోజోంగ్ పెద్దింటి పిల్లల కోసం ఒక బడి పెట్టి, అమెరికా నుంచి ముగ్గురు యువకులను పిలిపించాడు. వాళ్లలో ఒకడు హోమర్ హల్బర్ట్. వయసు 23. చెప్పడానికి వచ్చిన ఆ కుర్రాడు ముందు నేర్చుకున్నాడు. కొరియా పండితులు అప్పటికి చైనా లిపినే గొప్పగా చూసేవారు, హంగుల్ ఆడవాళ్లదీ సామాన్యులదీ అని చిన్నచూపు. హల్బర్ట్ ఆ హంగుల్‌లోనే 1890 ప్రాంతంలో ప్రపంచ భూగోళం పాఠ్యపుస్తకం రాశాడు. తరువాత కొరియాను జపాన్ మింగేస్తుంటే ఆ దేశం తరఫున 1907లో హేగ్ దాకా వెళ్లి మొరపెట్టుకున్నాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, 86 ఏళ్ల వయసులో పిలిపిస్తే వచ్చాడు. వచ్చిన వారానికే 1949 ఆగస్టు 5న సియోల్‌లో కన్నుమూశాడు. హాన్ నది ఒడ్డున యాంగ్‌హ్వాజిన్‌లో ఆయన సమాధి ఉంది.

హల్బర్ట్ పుట్టింది 1863లో. అదే సంవత్సరం ఆగస్టు 29న పుట్టినవారు గిడుగు రామమూర్తి పంతులు. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పుకునే పంతులు కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం వాచకాలు తయారు చేశారు. తెలుగు బడి పుస్తకం జనం మాట్లాడే భాషలో ఉండాలని జీవితాంతం పోరాడారు. ఒకరి పేరు ఒకరికి తెలిసే అవకాశమే లేని ఈ ఇద్దరూ చేసింది ఒకే పని. ఎదుట కూర్చున్న పిల్లల భాష నేర్చుకోకుండా తమ పాఠం మొదలుపెట్టలేదు. కొరియాకు పోదలచిన తెలుగు టీచరుకు గిడుగువారి కంటే పెద్ద గురువు నాకు కనిపించరు.

1966 నుంచి 1981 దాకా అమెరికా పీస్‌కోర్ అనే సేవా పథకం కింద యువతను కొరియా పల్లెలకు ఇంగ్లీషు చెప్పడానికి పంపింది. వాళ్లలో కేథ్లీన్ స్టీఫెన్స్ 1975లో యేసాన్ అనే ఊళ్లో మిడిల్ స్కూల్ టీచరు. 2008లో అదే దేశానికి అమెరికా రాయబారిగా తిరిగి వచ్చారు, కొరియన్ మాట్లాడుతూ. మన దేశం నుంచి కూడా ఇథియోపియా బడులకు ఒకప్పుడు పెద్ద సంఖ్యలో టీచర్లు వెళ్లారు. పరాయి దేశంలో పాఠం చెప్పడం మనకు కొత్త విద్య కాదు.

విమానాలు ఆగే రోజు

ఈఏపీసెట్‌కు ఒక్క నిమిషం ఆలస్యమైతే లోపలికి రానివ్వని రాష్ట్రం మనది. కొరియాలో నవంబరులో ఒక గురువారం జరిగే సునుంగ్ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష ముందు అది చిన్నది. ఆ రోజు ఆఫీసులు, స్టాక్ మార్కెట్ గంట ఆలస్యంగా తెరుస్తారు. ఆలస్యమైన పిల్లలను పోలీసులు బండి మీద దింపుతారు. మధ్యాహ్నం ఇంగ్లీషు వినికిడి పరీక్ష జరిగే అరగంట పైచిలుకు దేశమంతటా విమానాలు దిగవు, ఎగరవు. 45 ప్రశ్నల్లో 17 వినికిడివే. మూడో తరగతిలో మీ నోట విన్న ఇంగ్లీషు ఆఖరికి చేరేది అక్కడికి.

అందుకే బడి వదలగానే పిల్లలు హాగ్వన్‌కు పోతారు. సియోల్‌లో రాత్రి పదికి మూసేయాలని నిబంధన పెట్టాల్సి వచ్చింది. 2024లో ప్రైవేటు ట్యూషన్ల మీద కొరియా తల్లిదండ్రులు పెట్టిన ఖర్చు 29 లక్షల కోట్ల వాన్లు దాటింది. పది మందిలో ఎనిమిది మంది పిల్లలు ట్యూషన్‌కు పోతున్నారు. గూడవల్లి, పోరంకి, నిడమానూరు హాస్టళ్లలో పెరిగిన మన ఇంటర్ పిల్లలకు ఈ బతుకు కొత్త కాదు. ఆ పిల్లల కళ్ల కింద నల్లటి చారలు చూసి మన టీచరుకు బాధ కలగాలి. బాధ కలిగితే తన 40 నిమిషాల్లో ఆట ఉండేలా, నవ్వు ఉండేలా చూసుకుంటారు. విదేశీ టీచరు నుంచి ఆ దేశం కోరేది కూడా అదే. మార్కుల సంగతి చూసుకునేవాళ్లు అక్కడ కావలసినంత మంది ఉన్నారు.

టీచరు వృత్తికి అక్కడ గౌరవం ఉంది, మే 15న గురువుల దినం చేస్తారు. 2016 అవినీతి నిరోధక చట్టం వచ్చాక ఆ రోజు పిల్లలు విడిగా ఇచ్చే చిన్న కానుక కూడా టీచరు తీసుకోకూడదు. గౌరవం ఉన్నచోటే నలుగుబాటూ ఉంది. 2023 జులైలో సియోల్‌లో ఒక యువ ఉపాధ్యాయిని బలవన్మరణం చెందాక, తల్లిదండ్రుల ఫిర్యాదుల ఒత్తిడి మీద దేశమంతా టీచర్లు వీధుల్లోకి వచ్చారు. ఆ సెప్టెంబరులోనే టీచర్ల రక్షణకు చట్టాలు మార్చారు. 2026 మార్చి నుంచి తరగతిలో సెల్‌ఫోన్లు వాడకూడదన్న చట్టం కూడా వచ్చింది.

విదేశీ టీచర్ల మీద అనుమానపు చూపు ఒకటి ఎప్పటి నుంచో ఉంది. 2007 నుంచి ఈ-2 టీచర్లందరికీ హెచ్ఐవీ పరీక్ష తప్పనిసరి చేశారు, స్వదేశీ టీచర్లకు లేదు. న్యూజిలాండ్‌కు చెందిన ఒక టీచరు దాన్ని ఒప్పుకోకుండా ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లింది. జాతి వివక్ష నిర్మూలన కమిటీ 2015లో ఆమెకు అనుకూలంగా చెప్పింది. 2017లో ఆ పరీక్ష ఎత్తేశారు. ఒక్క టీచరు పట్టుదల వేల మందికి పనికొచ్చింది.

రంగు సంగతి దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. దరఖాస్తుతో ఫోటో అడగడం అక్కడ మామూలు. తెల్లని ముఖమే ఇంగ్లీషు ముఖమని నమ్మే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. చట్టం మనకు వీలు కల్పించింది గానీ, ఫలానా వాళ్లను తీసుకోండని ఏ బడికీ చెప్పలేదు. పదిచోట్ల అడిగితే తొమ్మిది చోట్ల జవాబు రాకపోవచ్చు. కానీ ఆ దేశపు పిల్లలు పెద్దయ్యాక ఇంగ్లీషులో మాట్లాడేది లండన్ వాళ్లతోనే కాదు. శ్రీపెరుంబుదూరులో, పెనుకొండలో, హనోయిలో, దుబాయ్‌లో. ఆ పనికి మన ఇంగ్లీషు వినడం వాళ్లకు నష్టం కాదు, అవసరం.

తొందరపడటానికి ఒక కారణం ఉంది. కొరియాలో పిల్లలు తగ్గిపోతున్నారు. 2023లో ఒక్కో మహిళకు సగటున 0.72 మంది మాత్రమే పుట్టారు, 2024లో 0.75. పల్లె బడులు మూతపడుతున్నాయి. తెరిచి ఉన్న చోట తరగతికి నలుగురైదుగురు పిల్లలే. విదేశీ టీచరు వారంలో రెండు మూడు బడులు తిరగాలి. నగరం మోజున్నవాళ్లు అటు పోవడానికి ఇష్టపడరు. మైలవరం వాళ్లకు నా సలహా మాత్రం ఆ పల్లెలకే పొమ్మని. నాజులో బేరి తోటలు, చోంగ్దోలో గింజ లేని పెర్సిమన్ తోటలు. బేరి కాయకాయకూ కాగితం సంచి తొడిగే రైతులను అక్కడ చూస్తారు. మామిడికి కవర్లు కట్టడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న మన రైతు బిడ్డలకు మాట్లాడుకోవడానికి వెంటనే ఒక విషయం దొరుకుతుంది. ఆ పల్లె బడుల్లో టీచరుకు ప్రతి పిల్లాడి పేరూ తెలుస్తుంది.

తెలంగాణలో టామ్‌కామ్, మన దగ్గర ఓమ్‌క్యాప్ అని విదేశీ ఉద్యోగాలు చూపించే ప్రభుత్వ సంస్థలున్నాయి. జర్మనీకి నర్సులను పంపడానికి ముందు భాష నేర్పిస్తున్నారు. టీచర్ల విషయంలోనూ అదే పని మొదలుపెట్టాలి. ఇంగ్లీషు మెథడాలజీతో బీఈడీ పూర్తయినవాళ్ల జాబితా తీసి, ఆరునెలలు కొరియన్ నేర్పి, చెన్నై కాన్సులేట్‌తో మాట్లాడి, అక్కడి ప్రాంతీయ విద్యా కార్యాలయాలకు నేరుగా పేర్లు పంపాలి. పదిహేనేళ్లు దాటిన ఒప్పందం కింద ఉన్న హక్కు ఇది, కొత్తగా ఎవరినీ బతిమాలుకునేది కాదు. కొరియా బడుల్లో కొత్త ఏడాది మార్చిలో, రెండో అర్ధభాగం ఆగస్టు చివర్లో మొదలవుతాయి. మార్చికి చేరాలంటే కాగితాలు ముందటి వేసవిలోనే కదలాలి. బీఈడీ ఆఖరి సెమిస్టరులో ఉన్నవాళ్లు పరీక్షలు కాగానే పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టండి.